నువ్వులు లేని బన్ను

శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై రెండు నిమిషాలకు బర్గర్ల దుకాణంలో మొదటి కౌంటర్ ఆగిపోయింది. ఆ సమయానికి వరసలో పదకొండు మంది ఉన్నారు. వరస మొదట్లో ఉన్నది సిగ్నల్ తాతయ్య. ఆయన అడిగింది ఒక్క బర్గర్. తను చెప్పింది కౌంటర్ అమ్మాయి మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పేదాకా పక్కకి జరగనన్నాడు. ఆ అమ్మాయి అది సరదాకి అన్నాడనుకుంది.

కథ ఇక్కడిదాకా ఎలా వచ్చిందో ఒకసారి చూసుకుంటే, తాతయ్య మనవరాలికి పదకొండేళ్ళు. ఈత కొడుతుంది కాబట్టి ఇంట్లో చేపపిల్ల అంటారు. ఆమెకి నువ్వులు పడవు. మూడేళ్ళ కిందట స్నేహితురాలి ఇంట్లో ఒక బిస్కెట్ తింది. పెదాలు వాచాయి, గొంతు బిగుసుకుంది. పదకొండు నిమిషాల్లో ఆసుపత్రిలో ఉంది. ఆ రోజు నుంచి బయట తిండి తినలేదు. జట్టు ఎక్కడికి వెళితే అక్కడికి ఇంటి నుంచి డబ్బా వెళ్ళింది. వచ్చే వారం పది రోజుల ఈత శిబిరం ఉంది. మూడు పూటలా తిండి అక్కడే. వెళ్ళాలంటే అమ్మ ఫారం మీద సంతకం పెట్టాలి, సోమవారం లోపల. దాని మీద వంటింట్లో నాలుగు రోజులు వాదన నడిచింది. చివరికి అమ్మ దిగొచ్చి ఒక షరతు పెట్టింది. శనివారం పోటీ అయ్యాక అందరితో కలిసి బయట ఒక పూట తినాలి, ఏమీ కాకూడదు, తాతయ్య దగ్గరుండి చూడాలి. అలా అయితేనే సంతకం. ఈ విషయంలో నాన్నకి ఓటు లేదు. ఉన్నా వెయ్యడు.

శనివారం ఉదయం రిలేలో జట్టు గెలిచింది. కోచ్ మేడమ్ నలుగురు పిల్లల్నీ వ్యానులో దుకాణానికి తీసుకొచ్చింది. తాతయ్య ఇంటి నుంచి బస్సులో వచ్చాడు.

ఆయన రైల్వేలో సిగ్నల్ కేబిన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాడు. కేబిన్‌లో ఒక పద్ధతి ఉంది. అవతలి స్టేషన్ వాడు ఫోన్లో ఒక మాట చెబితే, ఇవతలివాడు ఆ మాటని తిరిగి చెప్పాలి. తర్వాత ఇద్దరూ చెరో నంబర్ ఇచ్చుకోవాలి. ఆ నంబర్లు, టైముతో సహా, పుస్తకంలో ఎక్కాలి. అప్పుడే రైలు కదులుతుంది. "విన్నాను" అన్నంత మాత్రాన విన్నట్టు కాదు. ఈ పద్ధతితో ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన చేతి మీద ఒక్క ప్రమాదం జరగలేదు. రిటైరయ్యాక ఇంట్లో పాలపొడి ప్యాకెట్ తెమ్మన్నా ఇదే పద్ధతి.

"ఈ అమ్మాయికి నువ్వులు పడవు. చెప్పమ్మా," అన్నాడు తాతయ్య.

"ఏం చెప్పాలి తాతగారూ?" అంది కౌంటర్ అమ్మాయి. ఆమె ఉద్యోగంలో చేరి ఆ రోజుకి మూడో రోజు.

"నేను చెప్పిందే."

"నువ్వులు పడవు. పర్లేదండీ, బన్ను మీద ఉన్నవి దులిపేస్తాం."

"దులిపితే పోవు."

"గోకేస్తాం."

"అమ్మా, గోడ మీది సున్నం గోకుతున్నామా? నువ్వుగింజ తగిలిన చోట మిగిలే పొడి చాలు దానికి. బన్ను వేరే ఉండాలి. బన్ను కాల్చే మిషను వేరే ఉండాలి. పట్టుకునే చెయ్యి వేరే ఉండాలి."

"చేతులు రెండే ఉన్నాయండీ నాకు," అంది ఆ అమ్మాయి. వెటకారానికి కాదు, భయంతో.

తాతయ్య వెనక నిలబడ్డది ఒక టాక్సీ డ్రైవర్. బయట బండి సగం ఫుట్‌పాత్ మీద పెట్టి వచ్చాడు. "మాస్టారూ, కొంచెం కానివ్వండి. మీ రైలు వెనకాల పది రైళ్ళు ఆగున్నాయి," అన్నాడు.

"ఆగితే ఏమీ కాదు బాబూ. కదిలితేనే అవుతుంది," అన్నాడు తాతయ్య, వెనక్కి తిరగకుండానే.

కిటికీ పక్క బల్ల దగ్గర చేపపిల్ల తల వంచుకుని కూర్చుంది. మిగతా ముగ్గురు పిల్లలూ ఆమెకేసి చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. కోచ్ మేడమ్ బోర్డు మీది ధరలు రెండోసారి చదువుతోంది.

"మీ తాతయ్య ఎప్పుడూ ఇంతేనా?" అంది పిల్లల్లో ఒకమ్మాయి.

"ఇవాళ కొంచెం తక్కువే," అంది చేపపిల్ల.

పన్నెండూ నలభై ఎనిమిదికి మేనేజర్ బయటికి వచ్చాడు. టై కట్టుకున్నాడు. టై కొస షర్టు రెండు బొత్తాల మధ్య దూర్చి ఉంది. సంగతి విని, "సార్, మా దగ్గర దీనికి ఫైలు ఉంది. ఏ వస్తువులో ఏముందో మొత్తం పట్టిక," అన్నాడు. వెళ్ళి పుట్టినరోజు కాగితం టోపీల పెట్టె ఎత్తి, దాని కింద నుంచి ఒక ఫైలు తీసుకొచ్చాడు. నాలుగేళ్ళలో దాన్ని అడిగిన మొదటి మనిషి మీరే అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో సంతోషం ఉంది.

తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని పట్టిక చదివాడు. మధ్యలో రెండుసార్లు తలెత్తి గోడ మీది బోర్డు చూశాడు.

"ఇందులో చేప బర్గర్ ఉంది. బోర్డు మీద లేదు."

"అది ఆపేశాం సార్."

"బోర్డు మీద మిరియాల బర్గర్ ఉంది. ఇందులో లేదు."

"అది కొత్తది సార్."

"అయితే ఈ కాగితం ఈ దుకాణానిది కాదు. ఇక్కడ ఇంతకు ముందు ఉన్న దుకాణానిది."

"అప్పుడూ మేమే సార్."

"టైమ్‌టేబుల్ మారాక పాతది పట్టుకుని రైలు వదలం," అని తాతయ్య ఫైలు మూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "వండే మనిషితో మాట్లాడాలి."

"వంటగది వాళ్ళు బయటికి రారు సార్."

"అయితే మాట లోపలికి వెళ్ళాలి." తాతయ్య కోటు ఎడమ జేబులోంచి ఒక కార్డు తీశాడు. ముందురోజు ఇంట్లో కూర్చుని రాసుకున్న కార్డు అది. 'ఈ అమ్మాయికి నువ్వులు పడవు. నువ్వులు, నువ్వుల నూనె, నువ్వులు తగిలిన పెనం, గరిటె, చెయ్యి, ఏదీ కూడదు. అర్థమైతే తిరిగి చెప్పండి.' తడవకుండా పైన టేపు అంటించాడు. టేపు ఒక పక్క కార్డు దాటి అర అంగుళం బయటికి వచ్చింది.

మూడో రోజు అమ్మాయి కార్డు పట్టుకుని లోపలికి వెళ్ళింది. మూడు నిమిషాల తర్వాత కార్డుతో పాటు ఇంకో మనిషి బయటికి వచ్చింది. యాభై దాటిన ఆవిడ, తలకి వల టోపీ, చేతులకి తొడుగులు లేవు. వచ్చే ముందు తీసి చెత్తబుట్టలో వేసి వచ్చింది. దుకాణంలో అందరూ పెద్దక్క అంటారు. తొమ్మిదేళ్ళుగా పెనం దగ్గర ఆవిడే.

"ఎవరండీ రాసింది ఇది?"

"నేనేనమ్మా."

"పన్నెండున్నరకి అడుగుతారా ఎవరైనా ఇలాంటివి? రద్దీ తగ్గాక మూడింటికి రావచ్చుగా? తీరిగ్గా పెనం కడిగి చేసిపెట్టేదాన్ని."

"ఎక్స్‌ప్రెస్ వచ్చే టైములోనే సిగ్నల్ సరిగ్గా ఉండాలమ్మా. రైళ్ళు లేనప్పుడు ఎవడైనా చూసుకుంటాడు."

"నా వంటగదిలో రైళ్ళు రావు."

"రద్దీలో తప్పు జరుగుతుందని మీరే అంటున్నారు మరి."

"తప్పు జరుగుతుందని నేనెక్కడన్నాను? లేటవుతుందన్నాను!"

వరసలో ఎవరో నవ్వారు. పెద్దక్క కార్డు కౌంటర్ మీద పెట్టింది. తాతయ్య దాన్ని తీసుకున్నాడు. జేబులో పెట్టుకోబోయి ఆగాడు. కార్డు వెలుతురుకేసి పట్టుకున్నాడు.

బయటికి వచ్చిన టేపు అంచుకి రెండు నువ్వుగింజలు అంటుకుని ఉన్నాయి.

"చూశారా?" అన్నాడు తాతయ్య. గొంతు పెరగలేదు. కేబిన్‌లో పనిచేసినవాళ్ళకి ప్రమాదం దగ్గరైన కొద్దీ గొంతు తగ్గుతుంది. "మూడు నిమిషాలు. మూడే నిమిషాలు లోపలుంది ఈ కార్డు. కార్డుకే రక్షణ లేదు మీ వంటగదిలో. పిల్లకేం ఉంటుంది?"

కార్డుని వరసలో ఉన్నవాళ్ళకి కనబడేలా అటూ ఇటూ తిప్పాడు. టాక్సీ డ్రైవర్ ముందుకి వంగి, ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాడు. మేనేజర్ టై కొస బొత్తాల మధ్య నుంచి బయటికి తీసి, మళ్ళీ లోపల దూర్చాడు. మూడో రోజు అమ్మాయి, "నేను ఎక్కడా పెట్టలేదక్కా, చేత్తోనే పట్టుకున్నా, ఒట్టు," అంది. కిటికీ దగ్గర చేపపిల్ల లేచి నిలబడింది. డబ్బా తేలేదు ఇవాళ. ఈ దుకాణంలో తినకపోతే ఫారం మీద సంతకం లేదు.

పెద్దక్క మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని కార్డు మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఇవి నల్లవి," అంది.

"ఏమిటి?"

"నల్ల నువ్వులు. మా బన్నుల మీద ఉండేవి తెల్లవి. తొమ్మిదేళ్ళలో నల్ల నువ్వు ఈ గడప తొక్కలేదు. కావాలంటే ఒరేయ్ మేనేజరూ, ఒక బన్ను తెచ్చి చూపించు. దూరంగా చూపించు."

మేనేజర్ ఒక బన్ను కాగితంలో పట్టుకుని చాచిన చేత్తో చూపించాడు. దాని మీద నువ్వులు తెల్లవి. వరసలో ఉన్న పదకొండు మందీ చూశారు.

"మాస్టారూ," అన్నాడు టాక్సీ డ్రైవర్, ఈసారి మెల్లగా, "ఒకసారి మీ జేబు చూసుకోండి."

తాతయ్య వేసుకున్నది డ్యూటీ కోటు. నీలం రంగు, ఇత్తడి బొత్తాలు. రిటైరైన రోజు విప్పి ఇనప్పెట్టెలో పెట్టాడు. అది జరిగి ఏడేళ్ళయింది. మూడేళ్ళ కిందట ఇంట్లో నువ్వులన్నీ ఏరేసినప్పుడు అమ్మ మిక్సీ జార్లు రెండు పారేసింది, డబ్బాలు ఉడకబెట్టింది, కర్టెన్లు రెండుసార్లు ఉతికింది. ఇనప్పెట్టె జోలికి వెళ్ళలేదు. అది అటక మీద ఉంది, తాళంచెవి తాతయ్య దగ్గర ఉంది. ఈ ఉదయం తాతయ్య ఆ పెట్టె తెరిచాడు. ఇవాళ తను డ్యూటీలో ఉన్నాడు. డ్యూటీకి కోటు లేకుండా ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు.

కేబిన్‌లో మనిషి సిగ్నల్ వేసే లీవర్ల దగ్గర నుంచి కదలకూడదు. భోజనానికి వేరే టైము లేదు. అందుకని కేబిన్ వాళ్ళు తినేది జేబులో పెట్టుకుంటారు. తాతయ్య ముప్ఫై నాలుగేళ్ళు ఎడమ జేబులో పెట్టుకున్నది ఒకే రకం బిస్కెట్లు. స్టేషన్ పక్క బేకరీవి. వాటి మీద అద్దేవి నల్ల నువ్వులు.

తాతయ్య ఎడమ జేబుని లోపలి నుంచి బయటికి తిరగేశాడు. కౌంటర్ మీద పొడి రాలింది. పొడిలో గింజలు ఉన్నాయి. ఈసారి టాక్సీ డ్రైవర్ లెక్కపెట్టలేదు.

సమయం పన్నెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలు.

"ఏడేళ్ళ నాటివమ్మా అవి," అన్నాడు తాతయ్య.

"నువ్వులకి రిటైర్మెంట్ ఉండదు," అంది పెద్దక్క. "పిల్లని ముట్టుకున్నారా?"

"లేదు. అది వ్యానులో వచ్చింది, నేను బస్సులో."

"వచ్చాక?"

"భుజం తడదామనుకున్నా. పిల్లల ముందు వద్దు తాతయ్యా అంది."

"బతికించింది. అక్కడే ఉండండి, కదలకండి. ఆ కౌంటర్ మూసెయ్యరా. మీరంతా రెండోదానికి వెళ్ళండి." వరస రెండో కౌంటర్‌కి జరిగింది. టాక్సీ డ్రైవర్ జరగలేదు. పెద్దక్క ఒక నల్ల సంచి తెరిచి పట్టుకుంది. తాతయ్య కోటు విప్పి అందులో వేశాడు. ఆవిడ రెండు ముళ్ళు వేసి, తలుపు బయట పెట్టించింది. కౌంటర్ సబ్బునీళ్ళతో కడిగింది, తుడిచిన గుడ్డ పారేసింది. తాతయ్య చొక్కా జేబులోంచి చేతులకి రాసుకునే జెల్ సీసా తీస్తే, "దానితో పోదు. సబ్బు, నీళ్ళు. మోచేతుల దాకా," అని వాష్‌బేసిన్ వైపు చూపించింది.

తాతయ్య మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, కోచ్ మేడమ్ బల్లకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"మేడమ్, నన్ను డ్యూటీ నుంచి తప్పించాలి," అన్నాడు.

"అయ్యో, అంత మాటెందుకు బాబాయ్ గారూ. పొరపాటు ఎవరికైనా..."

"పొరపాటు చేసినవాణ్ణి వెంటనే లీవర్ల మీద నుంచి దించాలి. అది రూలు. దించాక ఎందుకు చేశాడో అడగొచ్చు. ముందు వేరే మనిషి చార్జ్ తీసుకోవాలి."

"నేను తీసుకుంటాను," అంది కోచ్ మేడమ్.

"నువ్వుల నూనెకి ఇంకో పేరేమిటి మేడమ్?"

కోచ్ మేడమ్‌కి తెలియదు.

"జింజెల్లీ ఆయిల్. చార్జ్ నేను తీసుకుంటా," అంది చేపపిల్ల.

తాతయ్య ఆమెకేసి చూశాడు. ఈ మూడేళ్ళలో ఎక్కడికి వెళ్ళినా అడిగేది అమ్మో, తాతయ్యో. చేపపిల్ల పక్కన నిలబడి చెప్పుల్లో వేళ్ళు కదిలిస్తూ ఉండేది.

"శిబిరంలో నువ్వుండవుగా తాతయ్యా," అంది ఆమె. "అక్కడైనా నేనే అడగాలి."

"పెన్నులు?"

చేపపిల్ల నడుముకి కట్టుకున్న సంచి తట్టింది. అందులో ఒళ్ళు వాస్తే వెంటనే పొడవాల్సిన ఇంజెక్షన్ పెన్నులు రెండు ఉన్నాయి. ఎలా పొడవాలో ఆమెకి తెలుసు, కోచ్ మేడమ్‌కి తెలుసు, జట్టులో ముగ్గురికీ తెలుసు. తాతయ్యే నేర్పాడు, ఒక్కొక్కరి చేత మూడుసార్లు తిరిగి చెప్పించి.

"చార్జ్ అప్పగించాను. ఒంటిగంటా నాలుగు," అన్నాడు తాతయ్య.

"చార్జ్ తీసుకున్నాను. ఒంటిగంటా నాలుగు," అంది చేపపిల్ల.

తాతయ్య బయటికి వెళ్ళి అద్దం అవతల ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు.

చేపపిల్ల కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. ఎత్తు చాలక మడమలు పైకెత్తింది. పెద్దక్క మోచేతులు ఆనించి కిందికి వంగింది.

"నాకు నువ్వులు పడవండీ. తింటే గొంతు మూసుకుపోతుంది. నువ్వులు లేని బన్ను ఉందా?"

"ఉంది. రోల్స్‌కి వాడే పొడుగు బన్ను. విప్పని ప్యాకెట్ ఉంది. నువ్వే చదువుకో." పెద్దక్క ప్యాకెట్ తెచ్చి కౌంటర్ మీది అద్దం వెనక నుంచి చూపించింది. చేపపిల్ల వెనక రాసిన వస్తువుల జాబితా చివరిదాకా చదివింది. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"బన్ను ఎక్కడ వేడి చేస్తారు?"

"మిషన్లో చెయ్యను. అందులో నువ్వులే రాలుతుంటాయి రోజంతా. చిన్న పెనం కడిగి, దాని మీద చేస్తా. లోపలి టిక్కీ కూడా దాని మీదే, అందులో నువ్వులుండవు."

"సాస్ వద్దు."

"వద్దంటే వద్దు. ఆ తెల్ల సాస్‌లో ఏముందో కంపెనీ వాడు నాక్కూడా చెప్పడు."

"బంగాళాదుంప వేపుడు?"

"దాని నూనె తొట్టి వేరే. దుంపలు తప్ప ఏమీ వెయ్యం. చికెన్ ముక్కల తొట్టి పక్కది. దాని జోలికి పోకు."

"మీ చేతులు?"

పెద్దక్క చేతులు రెండూ ఎత్తి చూపించింది. "కడుగుతా. కొత్త తొడుగులు వేసుకుంటా. ఇంకేమైనా ఉందా అమ్మా, లేక నా జాతకం కూడా కావాలా?"

"తిరిగి చెప్పండి."

అద్దం బయట నుంచి తాతయ్య ఆ ఇద్దరి పెదాలు చూస్తున్నాడు. పెద్దక్క ఒక్కొక్క వేలూ మడుస్తూ మొత్తం తిరిగి చెప్పింది. ఐదు వేళ్ళూ మడిచాక చేపపిల్ల అంది, "నా నంబర్ నలభై ఏడు. ఇప్పుడు మీ నంబర్ ఇవ్వండి."

"నాకెక్కడి నంబర్?"

"ఏదో ఒకటి. అప్పుడే లెక్క."

పెద్దక్క ఆలోచించింది. "తొమ్మిది. నా చెప్పుల సైజు."

చేపపిల్ల కౌంటర్ మీది బాల్‌పెన్ను తీసుకుని, చేతి మీద రెండు నంబర్లూ, టైమూ రాసుకుంది. పెద్దక్క లోపలికి వెళుతూ మూడో రోజు అమ్మాయితో, "ఇది రేపటి నుంచి మనమూ చేద్దాం," అంది. మూడో రోజు అమ్మాయి తన చెప్పుల సైజు గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

బర్గర్ పద్నాలుగు నిమిషాల్లో వచ్చింది. వేరే ట్రేలో, కాగితంలో చుట్టి, కాగితం మీద నలభై ఏడు అని రాసి. పెద్దక్క స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టింది. జట్టులో ముగ్గురూ అప్పటిదాకా తమవి ముట్టుకోలేదు. చల్లారిపోయాయి.

ఒంటిగంటా ఇరవై నాలుగుకి చేపపిల్ల మొదటి ముక్క కొరికింది. నమిలింది. మింగింది. పెద్దక్క, మేనేజర్, మూడో రోజు అమ్మాయి కౌంటర్ వెనక ఒకే చోట నిలబడి ఉన్నారు. తాతయ్య నుదురు అద్దానికి తగిలింది.

"ఇంతేనా?" అంది చేపపిల్ల.

"ఏమైంది?" అంది కోచ్ మేడమ్, కుర్చీలోంచి సగం లేచి.

"ఏం కాలేదు. మూడేళ్ళ నుంచి మీరంతా దీన్ని చూస్తేనే కళ్ళు తేలేస్తుంటే ఏదో అనుకున్నా. బన్నే కదా ఇది!"

అని మొత్తం తినేసింది. దుంపలూ తింది. పక్కమ్మాయి దుంపలకేసి చెయ్యి చాపి, అవి ఏ తొట్టిలోవో అడిగి, అప్పుడు తీసుకుంది.

ముఖ్యంగా చూసుకోవాల్సింది మొదటి అరగంట అని డాక్టర్ చెప్పాడు. తాతయ్య బయట వాచీ పట్టుకుని నిలబడ్డాడు. టాక్సీ డ్రైవర్ తన పొట్లంతో బయటికి వచ్చి, వెళ్ళకుండా పక్కన నిలబడ్డాడు.

"ఇంకా ఎంతసేపు మాస్టారూ?"

"పద్దెనిమిది నిమిషాలు. నీకు బేరాలు లేవా?"

"ఉన్నాయి. ఇక్కడ వదిలేసి వెళితే బండి మీద ధ్యాస ఉండదు."

ఒంటిగంటా యాభై నాలుగుకి అరగంట పూర్తయింది. చేపపిల్ల పెదాలు వాయలేదు. దద్దుర్లు రాలేదు. ఆమె అద్దం దగ్గరికి వచ్చి బొటనవేలు చూపించింది. తాతయ్య లోపలికి వచ్చి కోచ్ మేడమ్‌ని ట్రేలో పరిచే కాగితం ఒకటి అడిగి తీసుకుని, దాని వెనక రాయడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నావ్ తాతయ్యా?"

"రిపోర్టు."

"ఎవరికి?"

"మీ అమ్మకి. బయల్దేరింది, వస్తోంది."

చేపపిల్ల కాగితం మీద చెయ్యి పెట్టింది. "తాతయ్యా, వద్దు. ప్లీజ్. ఏమీ అవలేదుగా! కోటు సంగతి తెలిస్తే అమ్మ సంతకం పెట్టదు. నీకు తెలుసు పెట్టదని."

"తెలుసు."

"మరి?"

"చెయ్యి తియ్యి నాన్నా. ఇంకు అలుక్కుపోతుంది."

అమ్మ ఆసుపత్రిలో ఎక్స్-రే తీస్తుంది. డ్యూటీ దిగి, కోటు కూడా మార్చుకోకుండా ఒంటిగంటా యాభై తొమ్మిదికి దుకాణంలోకి వచ్చింది. ముందు కూతురి పెదాలు చూసింది, తర్వాత మెడ, తర్వాత మోచేతులు. ఆ తర్వాత, "గెలిచారటగా!" అంది. తాతయ్య నిలబడి కాగితం అందించాడు. అందులో ఇలా ఉంది.

'విషయం: డ్యూటీలో ఉన్న వ్యక్తి కోటు జేబులో నువ్వులు. సమయం: 12.58. ఎక్కడి నుంచి వచ్చాయి: ఇంటి అటక మీది పెట్టె. ఎవరి బాధ్యత: కింద సంతకం చేసినవారిది. ప్రమాదం: జరగలేదు. జరగకపోవడానికి కారణం: వంటావిడ కళ్ళజోడు. ఆ తర్వాత చార్జ్ తీసుకున్నవారు: మనవరాలు, 1.04.'

అమ్మ రెండుసార్లు చదివింది. చేపపిల్ల బల్ల కిందికి చూస్తోంది.

"ఆ పెట్టె నేను ఎందుకు తెరవలేదు నాన్నా?" అంది అమ్మ.

"తాళం నా దగ్గరుంది."

"అడగొచ్చుగా నేను. కర్టెన్లు ఉతికినదాన్ని." అమ్మ కుర్చీలో కూర్చుంది. "కోటు ఏది?"

"తలుపు బయట సంచిలో."

"అక్కడే ఉండనీ. వంటావిడతో మాట్లాడింది ఎవరు?"

"నేను," అంది చేపపిల్ల.

"ఏం అడిగావ్?"

చేపపిల్ల చెప్పింది. బన్ను, పెనం, సాస్, తొట్టి, చేతులు. చెయ్యి తిప్పి నంబర్లు చూపించింది. అమ్మ కౌంటర్ వైపు చూసింది. పెద్దక్క అటు నుంచి తొమ్మిది వేళ్ళు ఎత్తి చూపించింది. ఎందుకో అమ్మకి అర్థం కాలేదు, కానీ నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఫారం బయటికి తీసింది. 'వెంట వచ్చే పెద్దలు' అన్న చోట అంతకు ముందే తాతయ్య అని రాసి ఉంది. దాన్ని కొట్టేసింది. 'అవసరం లేదు' అని రాసింది. కింద సంతకం పెట్టి, తారీఖు వేసింది. చేపపిల్ల అరిచిన అరుపుకి మేనేజర్ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"కోపం రాలేదుగా నాన్నా?" అంది అమ్మ.

"ఎందుకు వస్తుంది? సరైన నిర్ణయం," అన్నాడు తాతయ్య. "నేనైనా అదే చేసేవాణ్ణి."

"అయితే మీరొకసారి చూసి మేడమ్‌కి ఇవ్వండి. ఏదైనా మర్చిపోయానేమో."

తాతయ్య చదవకుండా ఏ కాగితమూ చేతి మీదుగా పోనివ్వడు. కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొదటి నుంచి చదివాడు. పేరు, వయసు, రక్తం గ్రూపు, సంతకం. కాగితం తిప్పి రెండో వైపు చదివాడు. తువ్వాళ్ళు రెండు, సబ్బు ఒకటి, సెల్‌ఫోన్ తేకూడదు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక పంక్తి ఉంది. శిబిరంలో పది రోజుల వంటకీ నూనె ఉచితంగా ఇస్తున్నవారు, అని. దాని కింద ఒక మిల్లు పేరు. పేరు పక్కన ఆ మిల్లు తయారుచేసే సరుకు రాసి ఉంది. ఒక్కటే సరుకు. నువ్వుల నూనె.

బల్ల దగ్గర చేపపిల్ల శిబిరానికి ఏ సంచి తీసుకెళ్ళాలో పక్కమ్మాయికి చెబుతోంది. అమ్మ రెండు బర్గర్లు చెప్పడానికి కౌంటర్ వైపు వెళ్ళింది. కోచ్ మేడమ్ ఫారం కోసం చెయ్యి చాపింది.

రెండు గంటల ఏడు నిమిషాలకి ఫారం తాతయ్య చేతిలోనే ఉంది.